మా ఊరి గడి కూలగొట్టాల్నా, ఉంచాల్నా? 26న గ్రామసభ ఉన్నది, మీ మాట చెప్పండి

చింతచెట్టు_నీడ
జనవరి 16, రాత్రి 9:40

అందరికి నమస్తే. నేను ఇక్కడ చదువుడు ఎక్కువ, రాసుడు తక్కువ. మాది పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ దిక్కు. ఊరి పేరు రాయను.

మా ఊర్ల దొర గడి ఉన్నది. ముంగట పెద్ద దర్వాజ, రెండు దిక్కుల బురుజులు, లోపట హవేలి, ఎనుక కొట్టాలు, ఒక బాయి. కప్పు సగం కూలింది, ఫోటోలు పెట్టిన చూడండి. దొర వారసులు పట్నంల ఉంటరు. నాలుగేండ్ల కింద జాగ మొత్తం పంచాయితికి రాసిచ్చిండ్రు. ఇప్పుడు దాన్ని కూలగొట్టి ఫంక్షన్ హాలు, ఆరోగ్య ఉపకేంద్రం కట్టాలని సగం ఊరు అంటున్నది. పాతకాలపు కట్టడం, బాగు చేయించి ఉంచాలని కొంతమంది పట్టు. 26న గ్రామసభల తేలుస్తరట.

మేము చాకలోళ్లం. మా నాయినమ్మ పదేండ్ల పిల్లప్పటి సంది ఆ గడిల ఎట్టి (వెట్టిచాకిరి) చేసింది. ఇప్పుడు ఆమెకు ఎనభై ఎనిమిది. ఇప్పటికి ఆ గడి ముంగటికెల్లి పోతుంటే చెప్పులు ఇడిసి చేతవట్టుకుంటది. దొర లేడు, దర్వాజ చెక్కలు సుత ఎవరో ఎత్కపోయిండ్రు, అయినా ఇడుస్తది. ఎందుకే అంటే "కాళ్లకు అలవాటయింది బిడ్డా" అంటది.

నాకు చిన్నప్పటి సంది ఆ గోడలు లేకుంటే బాగుండు అనిపించేది. మొన్న పండుగకు పోయినప్పుడు "గడి కూలగొడ్తరట, నీకు సంబురమేనా" అని అడిగిన. చానా సేపు మాట్లాడలే. ఆఖరికి "కూలగొడ్తే కూలగొట్టనియ్యి. దొడ్డి దర్వాజ కాడ బండ ఉన్నది సూడు, అదొక్కటి మనింటికి తెచ్చియ్యి" అన్నది.

తెల్లారి పోయి చూసిన. ఎనుక గోడకు చిన్న దర్వాజ, దాని పక్కన అరుగు లెక్క ఒక నల్ల బండ. నడుమ గుంట పడ్డది, అరిచెయ్యి పట్టేంత లోతు. బట్టల కోసం వచ్చిన ఆడోళ్లు లోపటి నుంచి పిలిచేదాక దాని మీద కూసుండెటోళ్లట. మా ముత్తవ్వ దాని మీద కూసుండే మా నాయినమ్మ తమ్మునికి పాలిచ్చేదట. ఎంతమంది ఎన్నేండ్లు కూసుంటే రాయి అట్ల అరుగుతది?

ఆ బండను చూసినంక నాకు ఎటూ తోచుత లేదు. గ్రామసభల నన్ను మాట్లాడుమంటున్నరు. ఏం చెప్పాలె?

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 16, రాత్రి 10:25

కూలగొట్టుమని చెప్పు అక్కా. వేరే మాట లేదు.

మాది జగిత్యాల దిక్కు. మా తాతను గడి ముంగటి ఏపచెట్టుకు కట్టేసి కొట్టిండ్రు. తప్పేంది? దొరింట్ల పెండ్లికి పనికి పోకుంట తన చేన్ల కలుపు తీసుకున్నడు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల రైతుకూలీల జైత్రయాత్ర అయింది. తర్వాత ఊర్లల్ల దొరలకు చాకలి, మంగలి పనులు బందు పెట్టిండ్రు. ఒక్కొక్కలు గడీలు ఇడిసి పట్నం పోయిండ్రు. గవర్నమెంటు అక్టోబర్‌ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది. తర్వాత పోలీసోళ్లు క్యాంపు పెట్టింది మళ్ల మా ఊరి గడిలనే. దొర కొట్టిన తావుల పోలీసోళ్లు కొట్టిండ్రు. ఆ గోడలు మాకు ఏం చెప్తయి?

ఒక్క మాట ఆలోచించు. గడిని బాగు చేస్తే అది ఎవలకు పనికొస్తది? పెండ్లి ఫోటోలు దిగనీకె వస్తరు, సినిమా షూటింగులకు అడుగుతరు, ఎవడన్న హోటలు పెడతడు. వచ్చినోళ్లు టేకు స్తంభాలు చూసి "అబ్బ, ఎంత బాగ కట్టిండ్రో" అంటరు. అందం చూసెటోళ్ల కండ్లకు ఎట్టి కనబడదు. బిల్డింగు ఎప్పుడైన కట్టించినోని గొంతుతోనే మాట్లాడ్తది.

---

పాఠాల_పంతులు
జనవరి 16, రాత్రి 11:10

చెల్లే, నేను ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్తాను, మీ జిల్లాలోనే.

ముందు గడి అంటే ఏమిటో ఇక్కడ తెలియని వారికి చెప్పాలి. అది దొర ఉండే ఇల్లు మాత్రమే కాదు. పన్ను కట్టేది అక్కడ, తగువులు తెంపేది అక్కడ, జుర్మానా వేసేది అక్కడ, తప్పు చేశాడన్న మనిషిని కట్టేసేది అక్కడ. ధాన్యం అప్పుగా ఇచ్చి పంటకు నాగు మీద, అంటే గింజల వడ్డీతో, తిరిగి కొలిపించుకునేదీ అక్కడే. ఇల్లు, కచ్చేరి, ఠాణా, బందిఖానా, గరిసెలు అన్నీ ఒక్క గోడ లోపల. నిజాం రాజ్యంలో పల్లె మనిషికి సర్కారు అంటే గడి.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది విసునూరు దేశ్‌ముఖ్ (అక్కడి పెద్ద దొర) మనుషుల తుపాకీ దెబ్బకే. పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డది కూడా ఆ దేశ్‌ముఖ్ మీదనే. ఐలమ్మ ఎవరి బిడ్డో, ఏ కులవృత్తి ఇంటి ఆడబిడ్డో మీకు నేను చెప్పనక్కరలేదు. 1949 ఆగస్టు 15న జాగీర్దారీ రద్దయింది. కానీ కాగితం మీద రద్దయిన వెట్టి ఊళ్లో రద్దు కావడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఎర్రమట్టి తమ్ముడు చెప్పిందే దానికి సాక్ష్యం.

నేను ఉంచాలనే అంటాను. కారణం ఒక్కటే. వెట్టి చేసిన వాళ్లకు రాత లేదు. రాత ఉన్నవాళ్లు వెట్టిని రాసుకోలేదు. మీ ముత్తవ్వ పేరు ఏ పహాణీలో ఉంటుంది? ఏ దస్తావేజులో ఉంటుంది? ఆ బండ మీద గుంట తప్ప ఆమె ఈ భూమ్మీద బతికిందనడానికి ఇంకో గుర్తు ఉందా? నా క్లాసులో పిల్లలకు వెట్టిచాకిరీ అంటే రెండు మార్కుల ప్రశ్న. ఒక్కసారి ఆ దొడ్డి దర్వాజ దగ్గర నిలబెడితే చాలు, పుస్తకం తెరవాల్సిన పని ఉండదు.

---

పంచాయతీ_వార్డు4
జనవరి 17, ఉదయం 6:50

నేను వేరే మండలంలో వార్డు మెంబరును. మా దగ్గర కూడా ఇదే లొల్లి నడిచింది కాబట్టి చెప్తున్న.

చదువుకున్నోళ్ల మాటలు వినబుద్ధి అయితయి గానీ ఊర్లె అవసరాలు వేరే ఉంటయి. ఆరోగ్య ఉపకేంద్రం కిరాయి రూములో ఉంటే గర్భిణులు వాకిట్ల నిలబడుతున్నరు. పైసలు మంజూరైనంక జాగ చూపియ్యకపోతే మార్చికి వాపసు పోతయి. గడి గోడ మొన్నటి వానలకు కూలి మా ఊర్లె రెండు మేకలు చచ్చినయి. అదే పిల్లల మీద పడితే ఎవరు జవాబు చెప్పాలె? ఇంకోటి, గుప్తనిధులని రాత్రిళ్లు తవ్వెటోళ్లు. మా గడిల హవేలి నడుమ ఇంట్లె మనిషి లోతు గుంత తీసి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ ఇడిసిపెట్టి పోయిండ్రు. టేకు దూలాలు, చెక్కిన దర్వాజలు పాత సామాను కొనెటోళ్లు లారీలల్ల తీస్కపోయిండ్రు. ఉంచాలె ఉంచాలె అని ఊకె అనుకుంట కూసుంటే ఆఖరికి మిగిలేది ముండ్లకంప.

ఉంచుతరా, ఉంచండి. ఎవరు కాపలా ఉంటరు, పైసలు ఎవరిస్తరు, అది చెప్పండి.

---

డంగుసున్నం
జనవరి 17, మధ్యాహ్నం 1:15

పాత కట్టడాలు బాగుచేసే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఉంచాలా వద్దా అనేది ఊరి నిర్ణయం, అందులో నేను దూరను. అయితే ఏ నిర్ణయమైనా వివరం తెలిసి తీసుకోవాలి కాబట్టి కొన్ని సంగతులు.

చెల్లీ, మీరు పెట్టిన ఫోటోల్లో తూర్పు గోడ మీద రావి మొక్కలు కనిపిస్తున్నాయి. వాటిని పట్టి పీకొద్దని ఊళ్లో చెప్పండి. వేరు గోడ మధ్యలోకి దిగి ఉంటుంది, పీకితే దాంతోపాటు గోడ వస్తుంది. పైన కోసి, వేరు చచ్చేదాకా మందు పెట్టి, తర్వాత ఆ సందును సున్నంతో నింపాలి. సిమెంటుతో కాదు. ఈ గోడలు కట్టింది డంగు సున్నంతో. సున్నం, ఇసుక కలిపి రాతి గానుగలో ఎద్దులతో తిప్పి మెత్తగా నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి వాడేవారు. ఆ గోడ ఊపిరి పీల్చుకుంటుంది, వాన తడి లోపలికి పోయి ఎండకు బయటికి వస్తుంది. మీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి రెండు మూడు వానాకాలాల్లో గోడ లోపల్నుంచి పిండి అవుతుంది. మంచి మనసుతో రిపేరు చేయించి చంపేసిన గడీలను నేను చూశాను.

వార్డు మెంబరు గారి ప్రశ్న న్యాయమైనది. ఊరు మీద పడకుండా నిలిచిన గడీ ఒకటుంది, కామారెడ్డి జిల్లా దోమకొండ. అక్కడ వారసుల కుటుంబమే పూనుకొని ఏళ్ల తరబడి పని చేయించింది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు వచ్చింది. మీ ఊరికి అంత పెట్టుబడి రాదు. కానీ అంతా బాగుచేయనక్కర్లేదు కూడా. గోడ తల మీద సున్నం టోపీ వేసి నీళ్లు దిగకుండా చేసి, పడిపోయేది దింపి, నిలబడేది నిలబెట్టి, శిథిలాన్ని శిథిలంగానే ఉంచవచ్చు. దానికయ్యే ఖర్చు పూర్తి మరమ్మతులో చిన్న వంతు.

ఇంకొకటి. ఉత్తరం వైపు కొట్టాలు పూర్తిగా నేలమట్టమయ్యాయి కదా. ఉపకేంద్రం అక్కడ కట్టుకోవచ్చు. హవేలిని ముట్టుకోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

---

గోదారిగట్టు
జనవరి 17, సాయంత్రం 7:30

నేను రాజమండ్రి మనిషినండి. గడీల బాధ మా వైపు వాళ్లకి పుస్తకాల్లో తెలిసిందే తప్ప ఒంటికి తెలియదు, అందుకని జాగ్రత్తగా రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి వెళ్తుంటే మా తాతగారు కాటన్ దొర విగ్రహానికి దణ్ణం పెట్టేవారు. తెల్లదొర, కంపెనీ సైన్యంలో ఇంజనీరు. అయినా 1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో నాలుగు గింజలు పండాయి కాబట్టి రైతులు ఊరూరా ఆయన బొమ్మ వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. దానికి ఎదురు నీల్ విగ్రహం. 1857లో అలహాబాదు, కాన్పూరుల్లో జనాన్ని ఉరితీయించిన సేనాని, మద్రాసు మౌంట్ రోడ్డులో గుర్తుగా నిలబెట్టారు. మన వాళ్లూ మద్రాసు రాజధానిలోనే ఉన్న రోజులవి. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం జరిగింది, చాలామంది జైలుకి వెళ్లారు. పదేళ్ల తర్వాత 1937లో రాజాజీ ప్రభుత్వం రాగానే పగలగొట్టకుండా తీసుకెళ్లి మ్యూజియంలో పెట్టారు.

నాకు అనిపించేది ఏంటంటే విగ్రహం వేరు, కట్టడం వేరు. విగ్రహాన్ని పెట్టేదే పొగడ్డానికి. నడివీధిలో ఎత్తు మీద నిలబెట్టామంటే రోజూ ఆ మనిషికి తల ఎత్తి చూడమని చెప్పడమే. అందుకని పొగడ్త అబద్ధమని తేలాక దించడం న్యాయం. గడి అలా కాదు. దాన్ని వాడుకోడానికి కట్టారు. అందులో కట్టించినవాడి బతుకుతో పాటు చాకిరీ చేసినవాళ్ల బతుకూ ఉంది. దొర విగ్రహం ఉంటే రేపే తీసేయమంటాను. గడిని మాత్రం అలా అనలేకపోతున్నానండి.

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 17, రాత్రి 8:05

గోదారిగట్టు అన్నా, మంచిగ చెప్పినవు. కానీ దొరకు విగ్రహం ఎందుకు? ఊరి నడుమ, ఊర్లె అన్ని ఇండ్ల కంటె ఎత్తుగ, కప్పు దిక్కు చూస్తే మెడ నొయ్యాలె అన్నట్టు కట్టిండు. ఆ గడినే ఆయన విగ్రహం.

---

జేమ్స్‌నది_తీరం
జనవరి 18, ఉదయం 5:45

వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర పన్నెండేళ్లుగా ఉంటున్నాం. ఈ చర్చ చదువుతుంటే కళ్ల ముందు జరిగింది రాయాలనిపించింది.

బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకు అప్పట్లో ఈ ఊరే రాజధాని. ఇక్కడ మాన్యుమెంట్ అవెన్యూ అని ఒక పెద్ద వీధి, అందులో ఆ సేనానుల విగ్రహాలు ఉండేవి. అన్నింట్లో పెద్దది 1890లో పెట్టిన రాబర్ట్ లీ గుర్రపు విగ్రహం. మా అబ్బాయిని స్కూల్లో దింపి వచ్చేటప్పుడు రోజూ చూసేదాన్ని. నల్లజాతి తల్లులు అదే దారిలో పిల్లల్ని తీసుకెళ్తూ ఏమనుకునేవారో 2020 దాకా నాకు తట్టనే లేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆ వేసవిలో దాని పీఠం అంతా రంగులతో రాతలు నిండిపోయాయి. పోలీసుల చేతుల్లో చనిపోయినవారి పేర్లు, తిట్లు, కవితలు. జనం చుట్టూ మొక్కలు నాటారు, పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడారు. అంతకు ముందు ఆ గడ్డిలో ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. 2021 సెప్టెంబర్ 8న క్రేన్‌తో లీని దించారు. నడుము దగ్గర రెండు ముక్కలు చేసి తీసుకెళ్లారు. నేనూ చప్పట్లు కొట్టాను.

కానీ తర్వాత కొన్ని నెలలకు ఆ రాతల పీఠాన్ని కూడా తీసేశారు. ఇప్పుడు అక్కడ చదును చేసిన నేల, మొక్కలు. మా చిన్నదానికి అక్కడ ఏముండేదో చెబితే నమ్మదు. లీ పోయినందుకు నాకు బాధ లేదు. జనం రాసుకున్న ఆ రాళ్లు పోయినందుకే బాధ.

దానికి భిన్నంగా ఇంకోటి చేశారు. అదే వీధిలో జనం పడగొట్టిన జెఫర్సన్ డేవిస్ (ఆ దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు) విగ్రహాన్ని వాలెంటైన్ మ్యూజియంలో పెట్టారు. నిలబెట్టలేదు. వెల్లకిలా పడుకోబెట్టారు, మీద చల్లిన గులాబీ రంగు అలాగే, సొట్టపోయిన ముఖం అలాగే. దాన్ని చేసిన శిల్పి పనిచేసిన స్టూడియోలోనే. చేసిన చోటు, పెట్టిన తీరు, పడిన తీరు మూడూ ఒక్కసారే కనిపిస్తాయి. ఎర్రమట్టి తమ్ముడూ, కట్టడం కట్టించినవాడి గొంతుతోనే మాట్లాడుతుందన్నావు. ఆ గదిలో మాత్రం అలా అనిపించలేదు నాకు.

---

మూసీ_ఒడ్డు
జనవరి 18, ఉదయం 11:20

హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. 1800ల మొదట్లో నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా (రెసిడెంట్) ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు. నిజాం మీద కంపెనీ పెత్తనం నడిచింది ఆ మెట్ల మీది నుంచే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో వచ్చి దాని మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపి, శవాన్ని జనానికి కనిపించేలా వేలాడదీశారు. ఇంత నెత్తురు ఉన్న కట్టడమే మహిళా కళాశాల అయింది. మా అమ్మ అక్కడే డిగ్రీ చదివింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంట్ దొర దిగి వచ్చిన మెట్ల మీద ఇవాళ ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు కూర్చొని నోట్సు రాసుకుంటున్నారు. 1857లో ఆ మెట్లను పగలగొట్టినా న్యాయమే అయ్యేది, కానీ ఈ దృశ్యం ఉండేది కాదు.

ట్యాంక్‌బండ్ సంగతి కూడా చెప్పాలి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు నేను అక్కడే ఉన్నాను. విగ్రహాల్లో మా వాళ్లకు చోటేదీ అన్న కోపం న్యాయమైనది. ఆ కోపంలో విగ్రహాలు పడగొట్టారు, శ్రీశ్రీ పోయాడు, జాషువా పోయాడు. అంటరానితనం మీద జీవితమంతా రాసిన జాషువా విగ్రహానికి ఆ గతి పట్టిన రోజు నేను ఇంటికి వచ్చి అన్నం తినలేదు. తర్వాత విగ్రహాలు మళ్లీ పెట్టారు, కొమురం భీమ్‌నూ తెచ్చి నిలబెట్టారు. కొమురం భీమ్‌ను ముందే పెట్టి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదేమో.

---

పాతదర్వాజ
జనవరి 19, రాత్రి 12:30

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్న. నేను దొరల ఇంట్ల పుట్టిన. మీ ఊరు కాదు, ఇంకో ఊరు. మా గడి ఇప్పుడు లేదు, 90లల్ల పేల్చేసిండ్రు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. మా నాయిన టీవీల చూసుకుంట ఏడ్చిండు, నేను గూడ ఏడ్చిన. ఎందుకు పేల్చిండ్రో ఇంట్ల ఎవ్వరు నాకు చెప్పలే.

చెప్పకపోవడం ఎంత పెద్ద తప్పో పెద్దగయినంక తెలిసింది. మా అమ్మమ్మ పెండ్లికి ఆమెతోని ఒక పిల్లను గూడ పంపిండ్రు. ఆడబాప అంటరు. ఆ పిల్లకు పెండ్లి లేదు, ఇల్లు లేదు, జీతం లేదు. అమ్మమ్మ పోయేదాక ఆమె కాళ్ల కాడనే ఉన్నది. మా ఇంట్ల వందల ఫోటోలు ఉన్నయి. ఆమె ఒక్క ఫోటోల లేదు. ఒకదాంట్ల దర్వాజ పక్కన చీర కొంగు మాత్రం కనబడ్తది, అది ఆమెదే అని మా అమ్మ అన్నది.

గడి పోయినందుకు ఎర్రమట్టి లాంటోళ్లను నేను తప్పు పట్టలేను. అయితే గడి పోయింది కాబట్టి మా ఇంట్ల పిల్లలకు ఇప్పుడు అంతా మంచి కథల లెక్కనే ఉన్నది. తాత గుర్రం మీద పోయేటోడు, వందమందికి అన్నం పెట్టేటోడు. ఆ తాత ఏం చేసిండో చూపియ్యనీకె నా చేతుల ఏం లేదు.

ఒకటి ఉన్నది. లెక్కల బుక్కులు. ఉర్దూల కొన్ని, తెలుగుల కొన్ని. ఎవరి ఇంటికి ఎన్ని కుంచాల ఒడ్లు ఇచ్చిండ్రు, నాగు ఎంత, కట్టకపోతే ఎవరి కొడుకును అప్పు కింద పాలేరుగ జీతం పెట్టుకున్నరు, అన్ని పేర్లతోని ఉన్నయి. మా అన్న కాలవెడ్తనంటే దాచిన. ఎవరికి ఇయ్యాల్నో తెలుస్త లేదు.

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 19, ఉదయం 7:10

పాతదర్వాజ గారు, ఆ బుక్కులు మాత్రం కాలవెట్టనియ్యకండి. పొద్దున లేచి మీది చదివి చానాసేపు ఊరుకున్న. మీ ఇంటోళ్ల మీద నా కోపం తగ్గలే, తగ్గదు. కానీ మా తాత జీతం ఉన్నది గూడ అసొంటి బుక్కుల ఎక్కడన్న రాసి ఉంటదా అని మనసుల పడ్డది. ఆయన పదకొండేండ్లప్పుడు జీతం ఉన్నడు. ఎంత అప్పుకు ఉన్నడో మాకు తెల్వదు.

---

పాఠాల_పంతులు
జనవరి 19, ఉదయం 9:00

పాతదర్వాజ గారూ, ముందు ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసి రెండు మూడు చోట్ల దాచండి. ఉర్దూ షికస్తా లిపి (గొలుసుకట్టు రాత) చదివే పెద్దలు తగ్గిపోతున్నారు, ఆలస్యం చేయకూడదు. అసలు ప్రతులు స్టేట్ ఆర్కైవ్స్‌కు ఇవ్వవచ్చు. కానీ నకళ్లు ఒక సెట్టు ఆ ఊరికి తప్పకుండా పోవాలి, ఎవరి పేర్లు ఉన్నాయో వాళ్ల మనుమలు చూసుకోవాలి.

ఇది చదివినాక నా మాటను కొంచెం సవరించుకుంటున్నాను. గోడ ఒక్కటే ఉంటే ఎర్రమట్టి తమ్ముడు భయపడ్డదే జరుగుతుంది. గోడ పక్కన పేర్లు ఉండాలి. బైరాన్‌పల్లి బురుజు చూడండి. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడితే జనం ఆ బురుజు ఎక్కే ఎదురు నిలిచారు. చాలామందిని వరుసగా నిలబెట్టి కాల్చేశారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరూ దొరల కట్టడమనో నిజాం కట్టడమనో అనుకోరు, తమ వాళ్లు చచ్చిన చోటు అనుకుంటారు.

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 19, రాత్రి 9:45

సరే, ఉంచుతరనే అనుకుందాం. అయితే నాదొక్క షరతు. ముంగటి పెద్ద దర్వాజ గోడ కట్టి మూసెయ్యాలె. ఎంత పెద్దోడు వచ్చినా, కలెక్టర్ వచ్చినా, దొడ్డి దర్వాజ నుంచే లోపటికి పోవాలె. ఆ బండ మీద కూసుండి, పిలిచేదాక ఉండి పోవాలె. అప్పుడు అందం చూస్తరో ఏం చూస్తరో చూద్దాం.

---

పాఠాల_పంతులు
జనవరి 19, రాత్రి 10:15

తమ్ముడూ, ఇది నేను ఒప్పుకోను. చాకలి అవ్వ వెట్టి చేసినన్నేళ్లు ఎనుక దర్వాజ నుంచే పోయింది. ఇప్పుడు కూడా అదే దర్వాజనా? ముంగటి దర్వాజ తెరవాలి. చెప్పులతో, ఆమె మనుమరాలి చెయ్యి పట్టుకొని, నడుమ నుంచి పోవాలి.

---

చింతచెట్టు_నీడ
జనవరి 20, రాత్రి 8:30

మీరు రాసినవన్ని ఫోన్ల మా నాయినమ్మకు చదివి వినిపించిన. ఆడబాప ముచ్చట కాడ ఆపుమన్నది. మా ఊరి గడిల గూడ ఒకామె ఉండెనట, పేరు చెప్పింది. ఆ పేరు మా ఊర్లె ఇంకెవ్వరికి యాదికి లేదు. నేను రాసుకున్న.

దర్వాజల ముచ్చట అడిగిన. ముంగటికెల్లి పోతవానే, ఎనుకకెల్లి పోతవానే అని. "నేను ఏ దర్వాజకెల్లి రాను. నా పని అయిపోయింది. నా బండ నాకు తెచ్చియ్యుండ్రి" అన్నది.

ఎర్రమట్టి తమ్మునికి, పంతులు సార్‌కు ఇద్దరికి చెప్తున్న, ఆమె కోసం ఏ దర్వాజ తెరవాలె, ఏది మూయాలె అని మనం కొట్లాడుడు వద్దు.

---

మూసీ_ఒడ్డు
జనవరి 21, ఉదయం 10:00

గ్రామసభకు పనికొచ్చే మాట ఒకటి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది, కానీ జాబితాలో ఉన్నవాటికే దాని రక్షణ. చాలా గడీలు ఏ జాబితాలోనూ లేవు. అందుకే నిర్ణయం మీ ఊరి చేతుల్లోనే ఉంటుంది. జాబితాలో చేర్చమని గ్రామసభ తీర్మానం పంపవచ్చు. హైదరాబాద్‌లోని పాత భవనం ఇర్రంమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ మాట్లాడేందుకు నగరం మొత్తం ఉంది. పల్లె గడికి అలా ఎవరూ రారు. మీరు మాట్లాడకపోతే అంతే.

---

చింతచెట్టు_నీడ
జనవరి 27, రాత్రి 10:10

నిన్న గ్రామసభ అయింది. మూడు గంటలు నడిచింది.

ఓట్లు పెట్టలే. మా కులపెద్ద లేచి కూలగొట్టాలెనన్నడు, ఆయన కండ్లల్ల నీళ్లు వచ్చినయి, ఎందుకో అందరికి తెలుసు. మాదిగోళ్ల పిలగాడు ఒకడు, ఇంజనీరింగ్ చదువుతున్నడు, ఉంచాలె, మా తాతలు మోసిన రాళ్లు అవి, దొర మోసినయి కావు అన్నడు. ఇద్దరికి చప్పట్లు పడ్డయి. నేను లేచి గోడల ముచ్చట చెప్పలే. బండ ముచ్చట చెప్పిన, ఆడబాప పేరు చెప్పిన. సభల ఇద్దరు ముసలోళ్లు ఆ పేరు విని ఆమె కొడుకు ఉండేటోడు అన్నరు. నాకు ఒళ్లు జలదరించింది.

ఆఖరికి ఏం తేలిందంటే, ఉపకేంద్రం ఉత్తరం దిక్కు కొట్టాల జాగల కడ్తరు. ఫంక్షన్ హాలు ముచ్చట పక్కన పెట్టిండ్రు. హవేలిని ఇప్పటికైతే ముట్టరు. ఎంత ఖర్చయితదో లెక్క తెస్తే ఉగాది తర్వాత మళ్ల కూసుంటమన్నరు. లెక్క తేకపోతే కూలగొట్టుడే అన్నరు. అది గూడ రాసుకున్నరు.

బండను తీస్కపోనీకె ఒప్పుకున్నరు. పంతులు సార్, మీరు బండ అక్కడనే ఉండాలె, సాక్ష్యం అంటరని తెలుసు. అయినా నేను తెస్త.

---

పాఠాల_పంతులు
జనవరి 27, రాత్రి 10:40

అనను చెల్లే. తీసుకుపో. ఒక్కటే మాట, అది ఉన్న జాగలో నాలుగు రాళ్లతో గుర్తు పెట్టించు.

---

డంగుసున్నం
జనవరి 28, ఉదయం 7:20

బండ కదిలించే ముందు నేను వస్తాను. అది గోడ పునాదిలోకి దిగి ఉంటే లాగితే దర్వాజ పక్క గోడ కదులుతుంది. ముందు కొలతలు తీసి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, గుంట లోతు కూడా కొలిచి రాసుకుందాం. తర్వాత గోడకు పోటు పెట్టి తీద్దాం. ఆ రోజే హవేలి మొత్తం కొలిస్తే ఖర్చు లెక్క కూడా నేనే వేసి ఇస్తాను, డబ్బు వద్దు. ఇద్దరు మనుషులు, యాభై మీటర్ల టేపు, ఒక నిచ్చెన కావాలి.

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 28, ఉదయం 7:45

టేపు పట్టనీకె నేను వస్త. జగిత్యాల నుంచి పొద్దుగాల బస్సుకు.

---

పాతదర్వాజ
జనవరి 28, ఉదయం 11:30

నేను గూడ రావచ్చా? ఎవరికన్న ఇబ్బంది అయితే రాను. బుక్కులు తీసుకొస్త, సార్‌కు చూపిస్త.

---

ఎర్రమట్టి_జగిత్యాల
జనవరి 28, మధ్యాహ్నం 12:05

రండి.

---

చింతచెట్టు_నీడ
జనవరి 28, రాత్రి 9:15

అయితే ఆదివారం. పొద్దున 8 గంటలకు జనగామ బస్టాండ్ కాడ ఉంట, అక్కడికెల్లి మా బాబాయి ఆటో ఉన్నది. నిచ్చెన సర్పంచ్ ఇంట్ల దొరుకుతది. పూర చేతుల అంగీలు, బూట్లు ఏసుకొని రండి, లోపట ముండ్లకంప మోకాళ్ల దాక ఉన్నది. బాయి దిక్కు గడ్డిల పాములు తిరుగుతయి, కట్టెతోని కొట్టుకుంట నడవాలె. దక్షిణం బురుజుకు పెద్ద తేనెతుట్టె ఉన్నది, అటు దిక్కు ఎవ్వరు పోవద్దు, బీడీలు కాల్చొద్దు. పగటికి మా ఇంట్లనే అన్నం. నాయినమ్మ జొన్నరొట్టె చేస్తనంటున్నది, ఎంతమంది వస్తరో రేపటి దాక చెప్పండి, పిండి పట్టియ్యాలె.